అంబేద్కర్ వల్ల మన బతుకుల్లో ఏం మారింది? తిరుపతి, చిత్తూరు పక్క తరచుగా అడిగే ప్రశ్నలు

ఏప్రిల్ నెల వచ్చిందంటే మా చదువు బృందానికి మాట్లాడడానికి రమ్మని పిలుపులు వస్తాయి. దళితవాడల నుంచి, కాలేజీ హాస్టళ్ల నుంచి, అప్పుడప్పుడు ఊరి రచ్చబండ దగ్గరి నుంచి కూడా. ఎక్కడికి వెళ్లినా ఎదురయ్యే ప్రశ్నలు దాదాపు అవే. కొందరు తెలుసుకోవాలని అడుగుతారు, కొందరు కోపంగా అడుగుతారు. ఇద్దరికీ జవాబు చెప్పాల్సిందే. కింద రాసినవన్నీ ఒకే విషయం చుట్టూ తిరుగుతాయి: అంతకుముందు ఎవరైనా దయతలిస్తే దొరికేవాటిని, నిలబడి హక్కుగా అడిగే వీలు అంబేద్కర్ కల్పించారు.

ఆయన మహారాష్ట్ర నాయకుడు కదా, మన పక్క ఆయన ప్రభావం నిజంగా ఉందా?

పోలింగ్ బూత్ దగ్గర మొదలుపెడదాం. ఆంధ్రప్రదేశ్‌లోని 25 లోక్‌సభ స్థానాల్లో ఎస్సీలకు రిజర్వు అయినవి నాలుగే. అమలాపురం, బాపట్ల, తిరుపతి, చిత్తూరు. అంటే నాలుగింటిలో రెండు మనవే. ఈ రెండింటి కింద ఉన్న 14 అసెంబ్లీ స్థానాల్లో గూడూరు, సూళ్లూరుపేట, సత్యవేడు, గంగాధర నెల్లూరు, పూతలపట్టు కూడా ఎస్సీ స్థానాలే. ఈ ఏర్పాటు మూలం వెతుక్కుంటూ పోతే 1932 సెప్టెంబరు 24న, ఎరవాడ జైల్లో గాంధీజీ నిరాహార దీక్షలో ఉండగా కుదిరిన పూనా ఒప్పందం దగ్గర తేలతాం. ఆ ఒప్పందంలో రాష్ట్రాల శాసనసభల్లో కలిపి దళితులకు 148 స్థానాలు ఇస్తే, అందులో 30 మద్రాసు రాష్ట్రానివి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా చిత్తూరు జిల్లా ఉన్నది ఆ మద్రాసు రాష్ట్రంలోనే.

అంబేద్కర్ మొదట కోరింది ఇది కాదని కూడా చెప్పాలి. దళితుల ప్రతినిధిని దళితులే ఎన్నుకోవాలని, అందుకు ప్రత్యేక ఓటర్ల జాబితా కావాలని ఆయన రౌండ్ టేబుల్ సమావేశాల్లో వాదించారు. గాంధీజీ ప్రాణాల మీదికి వచ్చేసరికి దాన్ని వదులుకుని, స్థానం దళితులకు, ఓటు అందరికీ అన్న పద్ధతికి ఒప్పుకున్నారు. తర్వాత చాలాసార్లు ఆ ఒప్పందాన్ని ఆయనే తీవ్రంగా విమర్శించారు. రిజర్వుడు స్థానంలో గెలిచినవాళ్లు వాడ మాట వింటారా, పార్టీ పెద్దల మాట వింటారా అని మనవాళ్లు ఇవాళ అడిగే ప్రశ్న అప్పటిదే. నా మటుకు నాకు ఆ ప్రశ్న పూర్తిగా న్యాయమైనది. ఎన్నికల సభకు వచ్చే ప్రతి అభ్యర్థినీ నిలబెట్టి అడగాల్సిన ప్రశ్న అది.

ఇంకో సంగతి. మన జిల్లాల్లో చాలా ఊళ్ల చిరునామాల్లో ‘ఆది ఆంధ్రవాడ’ అని ఉంటుంది. ఆ పేరు అంబేద్కర్ ఉద్యమాల కంటే ముందుది. 1917లో విజయవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభలో, ఇతరులు అంటగట్టిన ‘పంచములు’ అన్న పేరును కాదని ‘ఆది ఆంధ్రులు’ అన్న పేరు తీసుకున్నారు. ఆత్మగౌరవం కోసం ఇక్కడ అప్పటికే పోరాటం ఉంది. దానికి దేశమంతటా చెల్లే చట్టం బలాన్ని అంబేద్కర్ తెచ్చిపెట్టారు.

ఆయన జీవితం గురించి టూకీగా చెప్పండి.

1891 ఏప్రిల్ 14న ఇప్పటి మధ్యప్రదేశ్‌లోని మౌలో, అంటరానిదిగా చూసిన మహర్ కులంలో పుట్టారు. తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదారు. బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన ఉపకార వేతనంతో 1913లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. తర్వాత లండన్‌లో ఆర్థికశాస్త్రంలో డాక్టరేట్, బారిస్టరు పట్టా. పత్రికలు నడిపారు, పార్టీలు పెట్టారు, 1942 నుంచి 1946 దాకా వైస్రాయి మండలిలో కార్మిక శాఖ చూశారు, స్వతంత్ర భారత తొలి న్యాయశాఖ మంత్రి అయ్యారు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షలమందితో కలిసి బౌద్ధం తీసుకున్నారు. అదే ఏడు డిసెంబరు 6న ఢిల్లీలో కన్నుమూశారు. భారతరత్న వచ్చింది 1990లో.

చెరువు నీళ్లు తాగిన సంఘటనను అంత పెద్దగా ఎందుకు చెబుతారు?

ఆయన పద్ధతి ఏమిటో మొత్తం ఆ ఒక్క సంఘటనలో కనిపిస్తుంది కాబట్టి.

మహారాష్ట్రలోని మహద్ పట్నంలో చవదార్ చెరువు ఉంది. ప్రభుత్వ నిధులతో నడిచే చెరువులు, బావులు అందరికీ తెరవాలని బొంబాయి శాసనమండలి 1923లోనే తీర్మానం చేసింది. మహద్ మునిసిపాలిటీ కూడా సరేనంది. కాగితం మీద హక్కు వచ్చింది, ముంత ముంచే ధైర్యం మాత్రం ఎవరికీ రాలేదు. 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందితో నడిచి వెళ్లి ఆ చెరువులో నీళ్లు తాగారు. వీళ్లు గుళ్లోకి కూడా వస్తారట అని పుకారు లేపి, తిరిగి వెళ్తున్నవాళ్లను కొట్టారు. చెరువు మైలపడిందని ఆవుపేడ, ఆవుపంచితం కలిపి ‘శుద్ధి’ చేశారు. ఆ చెరువులో పశువులు నీళ్లు తాగితే మాత్రం ఎప్పుడూ మైల లేదు. ఆ డిసెంబరు 25న అదే ఊళ్లో మనుస్మృతిని తగలబెట్టారు. ఆ చెరువు నీళ్ల మీద హక్కు గురించి కోర్టులో కేసు పదేళ్లు నడిచి, 1937లో బొంబాయి హైకోర్టు దళితుల పక్షాన తీర్పు ఇచ్చింది.

ఇప్పుడు రాజ్యాంగం 15వ అధికరణంలోని రెండో భాగం తెరిచి చదవండి. దుకాణాలు, హోటళ్లు, వినోదశాలలు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు అని ఒక్కొక్కటీ పేరుపెట్టి రాసి, వీటిలోకి రావడానికి కులం పేరుతో ఎవరినీ ఆపకూడదంటుంది. ఒక దేశపు మూల చట్టంలో బావి, చెరువు, హోటలు ఎందుకు వచ్చాయి? అక్కడే మనిషిని ఆపేవారు కాబట్టి. మన పల్లెల్లో టీ కొట్టు దగ్గర రెండు గ్లాసుల పద్ధతి చూసిన పెద్దవాళ్లకు ఈ అధికరణాన్ని విడమర్చి చెప్పాల్సిన పని ఉండదు.

1985 జులై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపేశారు. గొడవ మొదలైంది తాగునీటి దగ్గరే. దళితులు తాగే నీళ్లలో పశువుల కుడితి బక్కెట్లు కడగొద్దన్నందుకు. మహద్ జరిగి అప్పటికి 58 ఏళ్లు. నీళ్ల గురించి ఇంత సేపు మాట్లాడుతున్నది అందుకే.

తిరుమలకు ఇవాళ అన్ని కులాలవాళ్లూ వెళ్తున్నారు. అది ఆయన చలవేనా?

ఆయన ఒక్కరి చలవే అని చెబితే అబద్ధమవుతుంది. మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశానికి వేరే పోరాటం జరిగింది. చాలామంది సంస్కర్తలు, గాంధీజీ అనుచరులు అందులో ఉన్నారు. చివరికి 1947లో మద్రాసు ప్రభుత్వం ఆలయ ప్రవేశ చట్టం చేసింది. చిత్తూరు జిల్లా అప్పుడు మద్రాసులో ఉంది కాబట్టి ఇక్కడి గుళ్లకు వర్తించింది ఆ చట్టమే. తర్వాత రాజ్యాంగం 25వ అధికరణంలో, హిందూ దేవాలయాలను అన్ని వర్గాలకూ తెరిచే చట్టాలు చేసే అధికారం ప్రభుత్వానికి ఉందని రాశారు. అంటరానితనాన్ని రద్దు చేసే 17వ అధికరణం దీనికి వెన్నుదన్ను.

అంబేద్కర్ కూడా 1930 మార్చిలో నాసిక్ కాలారామ్ గుడి ముందు సత్యాగ్రహం మొదలుపెట్టి ఏళ్ల తరబడి నడిపారు. గుడి తలుపు తెరుచుకోలేదు. ఆ అనుభవంతో ఆయన మనసు మారింది. గుళ్లోకి రానిస్తే చాలదు, చదువు, భూమి, అధికారం కావాలి అన్న నిర్ణయానికి వచ్చారు. 1935 అక్టోబరులో యేవలా సభలో, హిందువుగా పుట్టాను, హిందువుగా చావను అని ప్రకటించారు.

తిరుమల కంపార్ట్‌మెంట్లో పక్కన కూర్చున్నవాళ్ల కులం ఎవరూ అడగరు. అది చిన్న సంగతి కాదు. కానీ అదే భక్తుడు కొండ దిగి సొంత ఊరికి వెళ్తే, అక్కడి రాములవారి గుడి గడప దగ్గర పరిస్థితి వేరుగా ఉండొచ్చు. ఊరేగింపు వాడలోకి రావాలా వద్దా అన్న దగ్గర గొడవలు ఇప్పటికీ వింటూనే ఉన్నాం. టీటీడీ ‘దళిత గోవిందం’ పేరుతో స్వామివారి కల్యాణాన్ని దళితవాడలకు తీసుకెళ్లింది. ఎంతోమంది అవ్వలు, తాతలు ఆ రోజు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆ భక్తిని తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు. నేను అడిగేది ఒకటే. దేవుడు వాడకు వచ్చిన ఊళ్లో, వాడవాళ్లు ఊరి గుడికి వెళ్లగలుగుతున్నారా? మొదటిది ఒకరు తలచుకుని చేసే మంచిపని. రెండోది చట్టం రాసిచ్చిన హక్కు. అంబేద్కర్ జీవితమంతా కొట్లాడింది రెండోదాని కోసం.

రాజ్యాంగం ఆయనొక్కరే రాశారా?

లేదు, ఆయన అలా చెప్పుకోలేదు కూడా. రాజ్యాంగ సభ సలహాదారు బి.ఎన్. రావు మొదటి ముసాయిదా తయారుచేశారు. 1947 ఆగస్టు 29న ఏడుగురితో ముసాయిదా కమిటీ వేశారు, అధ్యక్షుడు అంబేద్కర్. అందులో నెల్లూరు జిల్లా పూడూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ మన తెలుగువారు. రాజ్యాంగ సభలో మన తిరుచానూరు మనిషి మాడభూషి అనంతశయనం అయ్యంగార్ కూడా ఉన్నారు. ఆయన పుట్టింది కూడా 1891లోనే. 1952లో తిరుపతి నుంచి లోక్‌సభకు వెళ్లి, తర్వాత స్పీకర్ అయ్యారు.

కానీ భారం ఎవరి మీద పడిందో కమిటీ సభ్యుడైన టి.టి. కృష్ణమాచారే 1948 నవంబరులో సభకు చెప్పారు. ఒకరు రాజీనామా చేశారు, ఒకరు చనిపోయారు, ఒకరు అమెరికాలో ఉన్నారు, ఒకరికి సంస్థానం పనులు, ఇంకొందరికి ఢిల్లీ దూరం, అనారోగ్యం, చివరికి పని మొత్తం అంబేద్కర్ మీద పడింది అని. సవరణలు కోరుతూ 7,635 ప్రతిపాదనలు వస్తే, సభలో 2,473 చర్చకు వచ్చాయి. వాటికి నిలబడి జవాబు చెప్పినవాళ్లలో ముందున్నది ఆయనే. షుగరు జబ్బు, కాళ్ల నొప్పులు, నిద్రలేమి ఉండగానే.

రిజర్వేషన్లు పదేళ్లకే అని ఆయనే అన్నారట కదా? ఇంకా ఎందుకు?

వాట్సాప్‌లో అందరికంటే ఎక్కువగా తిరిగే మాట ఇది. ఇందులో రెండు వేర్వేరు విషయాలు కలిపేశారు.

పదేళ్ల గడువు ఉన్నది 334వ అధికరణంలో. అది లోక్‌సభ, అసెంబ్లీ స్థానాలకు సంబంధించింది మాత్రమే. ఆ గడువును పార్లమెంటు పదేసి ఏళ్లు పెంచుకుంటూ వచ్చింది. 2019లో 104వ సవరణతో ఇప్పుడది 2030 జనవరి 25 దాకా ఉంది. గడువు పెంచడానికి పెద్ద పార్టీలు మద్దతిస్తూ వచ్చాయి.

చదువులో, ఉద్యోగాల్లో ఇచ్చే రిజర్వేషన్లకు రాజ్యాంగంలో ఎక్కడా గడువు లేదు. ఉద్యోగాల సంగతి 16వ అధికరణంలో మొదటి నుంచీ ఉంది. చదువు సంగతి చేరింది 1951లో. దాని వెనక కథ మన పాత రాష్ట్రానిదే. మద్రాసు ప్రభుత్వం కులాలవారీగా కాలేజీ సీట్లు పంచుతూ ఇచ్చిన ఉత్తర్వు చెల్లదని, చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు 1951 ఏప్రిల్‌లో తీర్పు ఇచ్చింది. ఆ దెబ్బ బీసీలకూ తగిలింది. మద్రాసులో పెద్ద ఆందోళన రేగింది. మూడు నెలలు తిరక్కుండా మొదటి రాజ్యాంగ సవరణ వచ్చి, 15వ అధికరణంలో నాలుగో భాగం చేరింది. సభలో ఆ సవరణను సమర్థించిన న్యాయశాఖ మంత్రి అంబేద్కరే. ఎస్వీ యూనివర్సిటీలో, పద్మావతి మహిళా యూనివర్సిటీలో ఇవాళ బీసీ, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు దొరికే సీటుకు ఆధారం ఆ భాగం.

ఇంకా ఎందుకు అన్న ప్రశ్నకు నా జవాబు ఇది. పారిశుద్ధ్య పనికి ఏ కులాలవాళ్లు వస్తున్నారో ఉదయం అయిదు గంటలకు మన పట్నం వీధుల్లో నిలబడి చూడండి. ఆ వరుస మారిన రోజున ఈ ప్రశ్న మళ్లీ అడగండి, కూర్చుని మాట్లాడుకుందాం.

ఆయన ఎస్సీల నాయకుడు మాత్రమే కదా?

బీసీలు ఈ మాట అంటే బాధేస్తుంది. వెనుకబడిన తరగతుల స్థితిగతులు తెలుసుకోవడానికి కమిషన్ వేయాలని చెప్పే 340వ అధికరణం రాజ్యాంగంలో ఉంది. ఆ కమిషన్ వేయడంలో ప్రభుత్వం జాప్యం చేస్తోందన్నది 1951లో ఆయన మంత్రి పదవికి రాజీనామా చేయడానికి చెప్పిన కారణాల్లో ఒకటి. 1953లో కాకా కలేల్కర్ కమిషన్, 1979లో మండల్ కమిషన్ వచ్చింది ఆ అధికరణం కిందే.

శ్రీసిటీ, గాజులమండ్యం ఫ్యాక్టరీల్లో షిఫ్టు చేసేవాళ్లకు కూడా ఆయనతో సంబంధం ఉంది. వారానికి 48 గంటలకు మించి పని చేయించకూడదన్న 1946 ఫ్యాక్టరీల చట్టం సవరణను సభలో పెట్టింది కార్మిక శాఖ సభ్యుడిగా ఆయనే.

ఆడవాళ్లకు ఆయన ఏం చేశారు?

ఆయనకు అందరికంటే ఎక్కువ రుణపడి ఉండి, ఆ సంగతి అందరికంటే తక్కువ తెలిసినది ఆడవాళ్లకే అనుకుంటాను, అందులోనూ పై కులాల ఆడవాళ్లకు.

1951 నాటికి హిందూ స్త్రీకి విడాకుల హక్కు దేశంలో చాలాచోట్ల లేదు. మగవాడు ఎన్ని పెళ్లిళ్లు చేసుకున్నా చాలాచోట్ల అడిగే చట్టం లేదు. తండ్రి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా లేదు. ఇవన్నీ మార్చడానికి అంబేద్కర్ హిందూ కోడ్ బిల్లును పట్టుకుని ఏళ్లపాటు సభలో పోరాడారు. బయట ఊరేగింపులు, లోపల సాగదీత. బిల్లు పక్కన పడేయడంతో 1951 సెప్టెంబరులో రాజీనామా ఇచ్చారు. తర్వాత ఆ బిల్లునే ముక్కలు చేసి, 1955లో హిందూ వివాహ చట్టం, 1956లో వారసత్వ చట్టం, మరి రెండు చట్టాలు తెచ్చారు. ఆయన పదవి పోయింది, పని నిలిచింది.

ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే వాటా అన్న సంగతి మాత్రం 1956లో మిగిలిపోయింది. దాన్ని ముందుగా అందుకున్న రాష్ట్రాల్లో మనది ఒకటి. ఎన్టీ రామారావు ప్రభుత్వం 1986లో చేసిన సవరణ, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఆ వాటా ఇచ్చింది. కేంద్రం 2005లో దేశమంతటికీ ఇచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి లేకపోయినా కూతురి హక్కు పోదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. చిత్తూరు సబ్‌కోర్టులో భాగపరిష్కారం దావా వేసే ఆడబిడ్డ ఏ కులమైనా కావచ్చు. ఆమె చేతిలోని హక్కు కోసం ఒకాయన మంత్రి పదవి వదిలేశారని ఆమెకు ఎవరైనా చెప్పాలి.

‘బోధించు, సమీకరించు, పోరాడు’ అంటారు. చదువు విషయంలో నిలిచినది ఏమిటి?

ఆ నినాదం 1924లో ఆయన పెట్టిన బహిష్కృత హితకారిణి సభది. ఆ సభ మొదట చేసిన పనుల్లో పిల్లలకు హాస్టల్ పెట్టడం ఒకటి. పల్లె నుంచి వచ్చిన పిల్లవాడికి పట్నంలో గది దొరకదు, అన్నం పెట్టేవాళ్లుండరు, చదువు అక్కడే ఆగిపోతుంది అని ఆయనకు సొంత అనుభవంతో తెలుసు. మన దగ్గర సోషల్ వెల్ఫేర్ హాస్టళ్లు, ఆయన పేరుతో నడిచే గురుకులాలు ఆ ఆలోచన కొనసాగింపే. కాలేజీ నోటీసు బోర్డు మీద కనిపించే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఆయన వైస్రాయి మండలిలో ఉన్న కాలంలో, 1944లో మొదలైంది. 1982లో మొదలైన సార్వత్రిక విశ్వవిద్యాలయానికి తర్వాత ఆయన పేరే పెట్టారు. పొలం పనికో, బట్టల షాపులో పనికో పోతూ దాని ద్వారా డిగ్రీ పూర్తిచేసినవాళ్లు ఈ జిల్లాల్లో ఎక్కడ చూసినా కనిపిస్తారు.

అయితే హాస్టల్లో బాత్రూము తలుపు లేదని, స్కాలర్‌షిప్ డబ్బు రెండేళ్లు ఆలస్యమైందని పిల్లలు చెప్పినప్పుడు, జయంతి నాడు దండ వేసిన చేతులే ఆ పని చూడాల్సిందని గుర్తుచేయాలి. హాస్టల్ పిల్లలు ఇలాంటి వాటి మీద సంతకాలు చేసి కలెక్టరేట్‌లో సోమవారం అర్జీ ఇచ్చుకుంటే, అది పోరాడు అన్న మాటకు సరైన అర్థం.

చేత్తో మలం ఎత్తే పని పోయిందా?

చట్టాల్లో పోయింది. 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం నిషేధించాయి. డ్రైనేజీ గుంతల్లో దిగి ఊపిరాడక చనిపోయిన వార్తలు ఇంకా వస్తున్నాయి. మన కుప్పం పక్కనే, సరిహద్దు దాటగానే ఉన్న కోలారు బంగారు గనుల ఊళ్లో తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ ఈ పనిని మాన్పించడానికే సఫాయి కర్మచారి ఆందోళన్ అనే సంస్థ నడిపి, 2016లో మెగసెసె పురస్కారం అందుకున్నారు. తన దారికి అంబేద్కర్ ఆలోచనలే ఆధారమని ఆయన చెబుతూ ఉంటారు.

కులం పేరుతో తిట్టినా, కొట్టినా ఏం చేయాలి? అట్రాసిటీ చట్టం నిజంగా పనిచేస్తుందా?

17వ అధికరణం అంటరానితనం నేరం అంది. దాన్ని అమలు చేయడానికి 1955లో ఒక చట్టం వచ్చింది, అదే 1976 నుంచి పౌరహక్కుల రక్షణ చట్టం. అది చాలదని కారంచేడు లాంటి ఘోరాలు చూపించాయి. 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. 2015లో దాన్ని పెంచారు. 2018 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పుతో అది బలహీనపడితే, ఏప్రిల్ 2న దేశమంతా బంద్ జరిగింది. ఆ ఆగస్టులో పార్లమెంటు మళ్లీ బలం చేకూర్చింది.

చేయాల్సినవి చెబుతాను. ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వండి, రాయడం రాకపోతే చెప్పండి. మీరు చెప్పింది రాసుకుని, చదివి వినిపించి, ఎఫ్ఐఆర్ నకలు మీకు ఇవ్వాల్సిన బాధ్యత స్టేషన్ అధికారిది. ఆ పని కావాలని చేయకపోతే ఆ అధికారిదీ నేరమే. దర్యాప్తు చేయాల్సింది డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి, 60 రోజుల్లో ఛార్జిషీటు వేయాలి. కులం పేరుతో తిట్టిన కేసులో, అది నలుగురు చూసేలా, వినేలా జరిగిందా అన్నది కోర్టు చూస్తుంది కాబట్టి అక్కడున్న సాక్షుల పేర్లు మొదటి ఫిర్యాదులోనే రాయండి. పరిహారం దశలవారీగా వస్తుంది, దాని కోసం తీర్పు దాకా ఆగక్కర్లేదు. ఈ చట్టం కింద జాతీయ హెల్ప్‌లైన్ 14566. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును పెడుతుంది, దాని నంబరు 15100. ప్రతి నెలా 30న మండలంలో అధికారులు ఏదో ఒక ఊళ్లో పౌరహక్కుల దినం జరపాలి. మీ ఊళ్లో ఎప్పుడు జరిగిందో తహసీల్దారు ఆఫీసులో అడగండి. అడిగితేనే జరుగుతుంది.

పనిచేస్తుందా అంటే, కొంత. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మందిని చంపారు. ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో శిక్షలు పడ్డాయి. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. చట్టం మీద అంత నమ్మకం పెట్టుకున్నవాళ్లకు అది ఎంత దెబ్బో రాయడానికి మాటలు చాలవు. అయినా వాడలో చెయ్యి ఎత్తబోయేవాడు ఇవాళ ఒక క్షణం ఆగుతున్నాడంటే ఈ చట్టం భయమే. దుర్వినియోగం గురించి మాట్లాడేవాళ్లు, కేసు పెట్టలేక రాజీపడిన ఇళ్లకు కూడా ఒకసారి వెళ్లి రావాలని కోరుతున్నాను.

బౌద్ధం తీసుకుంటే ఎస్సీ సర్టిఫికెట్ పోతుందా?

పోదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మొదట హిందువులకే వర్తించేది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవం తీసుకున్న దళితులు మన రాష్ట్రంలో బీసీ-సీ కిందికి వస్తారు.

ఎస్సీ రిజర్వేషన్లను ఉపకులాలవారీగా పంచే వర్గీకరణ మీద ఆయన ఎటు ఉండేవారు?

రెండు పక్షాలూ ఆయన బొమ్మే పట్టుకుని ఊరేగాయి. ఆయన ఇప్పుడు ఉంటే ఏమనేవారో చెప్పడానికి నేనెవరిని? 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వర్గీకరణ చేయొచ్చంది, 2025లో మన రాష్ట్రం చేసింది. నా కోరిక ఒకటే. ఆ గొడవలో పడి మాలవాడ, మాదిగవాడ ఒకరి జయంతి సభకు ఇంకొకరు రాకుండా పోకూడదు.

ఇన్ని విగ్రహాలు ఎందుకు? వాటి దగ్గరే గొడవలెందుకు?

కోటు వేసుకుని, చేతిలో పుస్తకం పట్టుకుని నిలబడ్డ మనిషి వాడ మొదట్లో కనిపిస్తే, అక్కడి పిల్లలకు తమలోంచి ఇలాంటి మనిషి వచ్చాడని రోజూ తెలుస్తుంది. ఆ బొమ్మకు చాలాచోట్ల చందాలు వేసుకున్నది కూలీలే. దాని మీద చెయ్యి పడితే వాడంతా కదిలి వచ్చేది అందుకే. 2024 జనవరి 19న విజయవాడలో ఆవిష్కరించిన 125 అడుగుల విగ్రహం ప్రభుత్వం డబ్బుతో వచ్చింది. నాకు మాత్రం వాడలో ఉన్న నాలుగడుగుల సిమెంటు బొమ్మ మీదే ప్రేమ ఎక్కువ.

అయితే ఆయన చెప్పిన ఒక హెచ్చరికను మన ఊళ్లో ప్రత్యేకంగా వినాలి. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో చివరి ప్రసంగం చేస్తూ, మతంలో భక్తి ఆత్మకు ముక్తి మార్గం కావచ్చేమో గానీ, రాజకీయాల్లో భక్తి పతనానికి, చివరికి నియంతృత్వానికి దారి అన్నారు. గోవిందనామం వినకుండా తెల్లవారని ఊళ్లో ఉన్నాం. భక్తి మనకు బాగా తెలుసు, దాని బలమూ తెలుసు. దాన్ని దేవుడి దగ్గరే ఉంచి, ఎమ్మెల్యే దగ్గర లెక్క అడగమని ఆయన చెప్పారు. ఆయన విగ్రహానికి పాలాభిషేకం చేసేవాళ్లకు కూడా ఇది వర్తిస్తుంది.

అదే ప్రసంగంలో 1950 జనవరి 26 నుంచి మనం ఒక వైరుధ్యంలోకి అడుగుపెడుతున్నాం అన్నారు. రాజకీయాల్లో ఒక మనిషికి ఒక ఓటు, ఒక విలువ ఉంటుంది, సమాజంలో, సంపదలో ఉండదు అని. మన పంచాయతీల్లో రిజర్వేషన్ వల్ల ఎస్సీ మహిళ సర్పంచి అవుతుంది. సంతకం ఆమెది, కుర్చీలో కూర్చునేది ఇంకొకరు. అలాంటి ఊరు మీకు తెలిసే ఉంటుంది.

ఎక్కడి నుంచి చదవడం మొదలుపెట్టాలి?

మహారాష్ట్ర ప్రభుత్వం ఆయన రచనలు, ప్రసంగాలను 1979 నుంచి సంపుటాలుగా వేస్తోంది. తెలుగులోనూ దొరుకుతాయి. అంత ఓపిక లేకపోతే రాజ్యాంగం తెలుగు ప్రతి తెచ్చుకుని 14 నుంచి 18 దాకా అయిదు అధికరణాలు, తర్వాత 32 చదవండి. ప్రాథమిక హక్కుకు భంగం కలిగితే నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లే వీలు ఇచ్చే ఆ 32ను ఆయన రాజ్యాంగానికి గుండె, ఆత్మ అన్నారు. ఒక్కరే చదవకండి. నలుగురిని కూర్చోబెట్టుకుని ఒకరు పైకి చదివి, ఒక్కో వాక్యం దగ్గర ఆగి, ఇది మన ఊళ్లో జరుగుతోందా అని అడుగుతూ పొండి. పదిహేనో అధికరణం దగ్గరే ఆ సాయంత్రం అయిపోతుంది, మిగతావి మర్నాడు చూసుకోవచ్చు.